గరిటె వయసు

పొద్దున్న లేవగానే ఇషి చేసే మొదటి పని మిసో తొట్టి మూత తీసి చూడడం. చారులోకని ఏడాదికి సరిపడా సోయాగింజలతో ఊరబెట్టిన ఆ ముద్దను ముందురోజే చదును చేసి, మధ్యలో బొటనవేలితో గుర్తు వేస్తుంది. మంచు పడ్డ దగ్గర్నుంచీ ఆ గుర్తు ఉండడం లేదు. దాని చోట గుంట, సరిగ్గా గరిటెడు.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. కొడుకు కిసబురోకి తొట్టి ఏ మూలుంటుందో కూడా తెలియదు. ఇక మిగిలింది కోడలు ఫుయు. ఆమె పుట్టిల్లు కనుమ దాటితే వచ్చేస్తుంది.

"మీ అమ్మావాళ్లు చారు మహా చిక్కగా కాస్తున్నారటగా?"

"నాకేం తెలుసత్తయ్యా? నేను వెళ్లి ఏడాదయింది."

"నువ్వు వెళ్లకపోతేనేం, తొట్టిలోది వెళ్తోందిగా."

మసి దులిపే రోజు దాకా ఓపిక పట్టింది ఇషి. ఏడాది చివర ఇల్లంతా దులిపి, నూరేళ్లు నిండబోయే సామాన్లను కూడలిలో వదిలేసే రోజది. నిండితే వాటికి ప్రాణం వస్తుంది, ఆకలీ వేస్తుంది. పోయినేడు చిల్లుల గొడుగునీ, ముక్కు విరిగిన టీ కూజానీ అలాగే వదిలారు. గరిటెను మాత్రం ఇషి వదల్లేదు. అత్తగారు ఇల్లు అప్పగిస్తూ తన చేతికిచ్చిన గరిటె అది. "దీనికింకా తొంభై ఎనిమిదే" అని మళ్లీ మేకుకి తగిలించింది.

ఈసారి దులపడం అవగానే ఇషి తనే కోడలి బట్టలు మూటగట్టి గడపలో పెట్టింది.

"దీన్ని పుట్టింట్లో దింపిరా" అంది కొడుకుతో.

ఫుయు ఏడవలేదు. మసి మొహంతో గరిటె వైపే చూస్తూ, "అత్తయ్యా, దాన్ని ఏ నెలలో చెక్కారు?" అంది.

"పన్నెండో నెలలో. అయితే?"

"పుట్టగానే వయసు ఒకటి, ఆ వెంటనే వచ్చే కొత్త సంవత్సరానికి రెండు. మనందరికీ అంతేగా? ఆ లెక్కన మీరు తొంభై ఎనిమిదన్నప్పుడు దానికి తొంభై తొమ్మిది, పోయిన కొత్త సంవత్సరానికే నూరు."

"గరిటెకి కూడా ఆ లెక్కేనా!"

ఆ మాట పూర్తికాకముందే గరిటె మేకు మీంచి దిగింది. గెంతుకుంటూ తొట్టి దగ్గరికెళ్లి, మూత జరిపి, మిసో తీసుకుని గడప దాటింది. కూడలిలో మంచు మీద గొడుగు ఒంటికాలితో నిలబడి ఎదురుచూస్తోంది. కూజా నోరు తెరిచింది.

"చిక్కిపోయాయి పాపం" అన్నాడు కిసబురో.

తిరిగొస్తున్న గరిటె కోసం ఇషి చెయ్యి చాపింది. అది ఆ చేతిని తప్పించుకుని వెళ్లి ఫుయు నడుంపట్టీలో దూరింది.

ఇషి గడపలో కూర్చుని మూట విప్పసాగింది. తను వేసిన ముడే, బాగా బిగుసుకుంది.

"ఆ రెంటికీ చారు చిక్కగా పొయ్యి" అంది, కోడలి మొహం చూడకుండా. "నాకు పల్చగా ఉన్నా ఫర్వాలేదు."