లాన్‌లో కంప మొలకలు

ఎర్రగుంట్లలో కృష్ణవేణమ్మ ఇంటి ముందు లాన్ పచ్చగా ఉన్నన్నాళ్ళే ఆ ఇంటి వెనక గది ఏసుమణిది. ఒప్పందం అంతే. కృష్ణవేణమ్మ కడపలో ఉంటుంది, ఎప్పుడో ఒకసారి వచ్చి చూసుకుపోతుంది. ఏసుమణి మొగుడు జయకుమార్ సిమెంటు లారీ ఎక్కితే వారానికి గాని ఇల్లు చేరడు. గది పోతే మళ్ళీ సొంతూరికే పోవాలి. అక్కణ్ణుంచి బడికి నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లే ఏసుమణిని ఏడో తరగతిలో ఆపేశాయి. ఇక్కడ కూతురు నిస్సీకి బడి పక్క వీధిలోనే.

ఎండాకాలం మొదట్లోనే బోరు ఎండిపోయింది. గడ్డి చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది.

"ట్యాంకరు నీళ్ళు మనుషులకే చాలవు, గడ్డికి యాడ పోస్తాం? నీళ్ళడగనిది ఏమన్నా పెట్టు," అంది కృష్ణవేణమ్మ. "వానలు పడేదాకా చూస్తా. పచ్చగయితే సరి."

ఏసుమణి చర్చి ఆవరణలోంచి నాచుపూల కొమ్మలు తుంచుకొచ్చింది. వాటికి గుప్పెడు నీళ్ళు చాలు, గుచ్చిన చోటల్లా పాకుతాయి. కానీ నేల పెంకులా గట్టిపడి ఉంది. వాళ్ళ నాయన ఏటా ఎండాకాలం చేలో గొర్రెల మందను నిలిపేవాడు. ఆ పెంటకు పంట ఎట్లా లేచేదో ఆమెకు తెలుసు. మందతో పోతున్న ఓబులేసును ఆపింది.

"ఏమప్పా, రెండు దినాలు మందను ఈడ నిలుపుతావా?"

"బంగళాలోనా? గొర్రెలకు కుర్చీలు గూడా ఏస్తావా మేయ్?" అని నవ్వాడు. అయినా నిలిపాడు. మంద పోయాక ఏసుమణి ఆ పెంట మీదే కొమ్మలు గుచ్చింది.

రెండు వానలు పడేసరికి ఎర్రగా, పసుపుగా నాచుపూలు విరిశాయి. జయకుమార్‌కు ఫొటో పంపింది. పదిరోజుల తర్వాత ఆ పూల మధ్య సన్నటి ఆకుల మొలకలు కనిపించాయి. ఒకటి పీకబోతే ముల్లు గుచ్చుకుంది. కంపచెట్టు, సర్కారు తుమ్మ.

అప్పుడు అర్థమైంది. మేత దొరకని ఎండల్లో గొర్రెలు కంపకాయలు తింటాయి. గింజలు అరక్కుండా పెంటతో పడతాయి. నాయన చేలోనూ పడేవి. కానీ వాన పడగానే మడకతో దున్నేవాడు, మొలకలన్నీ వేళ్ళతో ఊడిపోయేవి. లాన్‌లో మడక ఎవరు తోలుతారు?

పొద్దునా సాయంత్రం పీకింది. పైన తెగి, లోపలి వేరు నుంచి రెండింతలై లేచాయి. కొడవలి మొనతో తవ్వితే నాచుపూలే ముందు ఊడొచ్చాయి.

"ఇంకేం, కట్టెలకు కొదవ లేదులే," అన్నాడు జయకుమార్ ఫోన్లో.

"నీకు ఎకసెక్కంగా ఉండాది. ఆయమ్మ ఆదివారం వస్తాదంట."

"నేనొచ్చి ఆయమ్మకు చెప్తాలే," అన్నాడు. ఆదివారానికి రాలేకపోయాడు.

కృష్ణవేణమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

"ఏమే, పూలు పెడ్తానంటివి. కంపతోట పెట్టినావే!"

"పీకుతాండానమ్మా. ఇంకొక్క నెల..."

"పీకితే పోయేదా అది? మా చేలల్లో ఎంతమంది పీకలేదు!" ఆమె గొంతులో కోపం లేదు. ఏసుమణికి అదే భయమేసింది. కోపమైతే కాళ్ళు పట్టుకోవచ్చు. "టైల్స్ పరిపించేస్తా. ఊడ్చేదానికి పక్కింటి పనిమనిషి చాలు. నెలాఖరుకు గది ఖాళీ చేయండి."

"పాప బడి ఉండాదమ్మా."

"బడి యాడైనా బడే గదా."

మరునాడు, టైల్స్ వాళ్ళు వచ్చేలోగా నేల చదును చేయమన్నందుకు, ఏసుమణి పార పట్టుకుని పూలూ కంపా కలిపి లేపేస్తోంది. నిస్సీ బడిసంచి కింద పడేసి పక్కన కూర్చుంది.

"నేను గూడా పీకుతానమ్మా."

"లేయ్! బడికి పో!"

పాప బెదిరి ఏడ్చింది. ఏసుమణి సంచి భుజానికి తగిలించి, తోసినట్టే గేటు దాకా తీసుకుపోయింది. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి. ఆదివారం తీసేస్తే బడికి పదకొండు.