వెంకటప్ప వంటింటి నేల

ప్రొద్దుటూరులో ఒక నగల వ్యాపారి ఇల్లు చూసొచ్చినప్పటి నుంచి జమ్మలమడుగు చోటా నాయకుడు వెంకటప్పకు అలాంటి వంటిల్లే కావాలన్న పిచ్చి పట్టుకుంది. ఒక కొస గోడకు ఆనించి, మూడు వైపులా మనుషులు కూర్చునేలా గట్టు కట్టించాడు. అదీ కాంక్రీటుతోనే.

"బాంబు పడినా పగలగూడదు," అన్నాడు భార్య బాలనాగమ్మతో.

ఊళ్లో నిజంగా బాంబులు పడిన రోజు గొర్రెల దొడ్లో దాక్కున్న మనిషి ఆ మాట అంటుంటే ఆమెకు ఒళ్లు మండింది.

నేలకు తన పార్టీ రంగు టైల్స్ మొదలుపెట్టించాడు. సగం వేసేసరికి ఆ పార్టీ ఓడింది. గెలిచిన పార్టీలోకి దూకి, వేసినవి పీకించబోతే బాలనాగమ్మ అడ్డం నిలబడింది.

"పీకేదేంది? మిగిలిన జాగాలో కొత్త రంగు ఏసుకో. ఆ మూల మాత్రం ఖాళీగా పెట్టు. రేపు యాడికి పోతావో ఏమో."

త్వరలోనే ఆ మూలకు మూడో రంగు వచ్చింది.

పులివెందుల నుంచి ఆ మూడో పార్టీ నాయకుడు భోజనానికి వస్తున్నాడంటే వెంకటప్ప పాత రంగుల మీద జంపఖానా పరిచాడు. బాలనాగమ్మ దాన్ని చుట్టి అవతల పడేసింది.

"ఆయప్ప చూస్తే ఏమనుకుంటాడే?"

"ఆయప్ప మాత్రం ఈ రంగులన్నీ తొక్కకుండానే వచ్చినాడా?"

నాయకుడు వచ్చాడు. నేలకేసి చూసి, మూడు రంగులూ తొక్కుకుంటూ పోయి గట్టు దగ్గర కూర్చున్నాడు. బాలనాగమ్మ ఇద్దరికీ సంగటి పెట్టింది. మర్యాదకైనా ఇంకొంచెం తినమని ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.