ప్లేబుక్ తెచ్చుకో

మా తమ్ముడు రస్ సెడ్లాక్ పేరు మీరు విని ఉండరు. పెన్సిల్వేనియాలో మా ఉక్కు మిల్లు ఊళ్లోనే సగం మందికి తెలీదు. నాలుగేళ్లు పెద్ద జట్లలో, చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఐదు జట్లు, పదకొండు ఆటలు. బంతి ఒక్కసారి కూడా చేతికి రాలేదు. మనవాళ్లు బంతి తన్నగానే పరిగెత్తుకెళ్లి, అవతలివాళ్లు కట్టిన మనుషుల గోడని తలతో గుద్ది పగలగొట్టాలి. అదీ వాడి ఉద్యోగం. హెల్మెట్ మంచిదే అన్నారు. లోపలున్న దాని సంగతి ఎవరూ అనలేదు.

ఆగస్టులో సాధన శిబిరం నుంచి మనుషుల్ని తీసేస్తారు. పొద్దున్నే ఒకడొచ్చి గది తలుపు తడతాడు. "కోచ్ రమ్మంటున్నాడు. ప్లేబుక్ తెచ్చుకో" అంటాడు. ఎత్తుగడలన్నీ రాసున్న లావుపాటి పుస్తకం అది. అప్పగించి ఇంటికి పోవాలి. నీ పని అయిపోయిందని ఎవడూ నోటితో చెప్పడు, పుస్తకం తెమ్మంటాడు. రస్ తలుపు ఐదుసార్లు తట్టారు. ఐదోసారి బస్సు దిగి నేరుగా నా టైర్ల షాపుకొచ్చాడు. "అన్నా, ఇంక ఆ మాట నాతో ఎవరూ అనకూడదు" అన్నాడు. ఇరవై ఆరేళ్లు అననివ్వలేదు నేను. బార్‌లో ఒకడు వేళాకోళానికి అంటే పన్ను రాల్చాను.

ఇప్పుడు వాడికి యాభై రెండు. మా చెల్లెలు మార్లీన్ ఇంట్లో ఉంటాడు. ఏడాదిన్నరగా నా షాపు టైర్ల కేటలాగ్ ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతుంటాడు. అదే ప్లేబుక్ అనుకుంటాడు. అసలువి ఐదూ వాళ్లు తీసేసుకున్నారుగా.

నది అవతల ఇలా మతి తప్పినవాళ్లని చూసుకునే చోట ఒక మంచం ఖాళీ అయింది. మంగళవారం పదింటిలోగా తీసుకురాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఆ మంగళవారం పొద్దున ఎనిమిదింటి నుంచీ బతిమాలుతున్నాం. వాడు కదిలితేగా. రెండు వందల యాభై పౌండ్ల మనిషి, ఎత్తుకెళ్లలేం.

"చర్చిలో చేపల వేపుడు పెడుతున్నారు, పదరా" అన్నాను.

"చేపలు శుక్రవారం కదన్నా. మతి పోయింది నాకనుకున్నాను, నీకూనా?"

గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

మార్లీన్ నవ్వబోయి ఏడ్చేసింది. మెడకి చుట్టుకున్న గుడ్డ తీసి చూపించింది. వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. "మొన్న నన్నెవరో అనుకున్నాడన్నయ్యా. నా వల్ల కాదిక."

తొమ్మిదింబావు అయింది. నేను వెళ్లి తలుపు రెండుసార్లు తట్టాను.

"సెడ్లాక్, కోచ్ రమ్మంటున్నాడు. ప్లేబుక్ తెచ్చుకో."

లోపల మంచం కిర్రుమంది. వాడు బయటికొచ్చేసరికి జుట్టు తడిపి దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. చంకలో కేటలాగ్. మార్లీన్ చెయ్యి తోటి ఆటగాడి చెయ్యిలా పట్టుకుని ఊపాడు. "బాగా ఆడు. నిన్ను ఉంచుకుంటార్లే" అన్నాడు. నా మొహంలోకి చూశాడు గానీ గుర్తుపట్టలేదు.

కారులో బెల్టు తనే పెట్టుకున్నాడు.

"ఎడంపక్కకి కాస్త నెమ్మదయ్యాను. అందుకేనాండీ?"

"నాకేం తెలుసు? కబురు చెప్పడమే నా పని."

వంతెన ఎక్కాక మళ్లీ అన్నాడు. "మా అన్నకి మీరు ఫోన్ చెయ్యకండి. టైర్ల షాపు ఆయనది. నేనే వెళ్లి చెప్తాను. పాపం, చాలా ఆశ పెట్టుకున్నాడు."

వంతెన పొడుగునా రోడ్డే చూశాను.

పదికి పది నిమిషాలుండగా చేరాం. బల్ల దగ్గర కూర్చున్నావిడ పేరడిగింది. రస్ పేరు చెప్పి, కేటలాగ్ రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు.

"అన్ని పేజీలూ ఉన్నాయి, చూసుకోండి."

ఆవిడ నావైపు చూసింది.

"తీసుకోండమ్మా" అన్నాను.