ఒక్కతే ఇరవై మంది

పప్పు కుక్కరు స్టవ్ మీద పెట్టి స్వర్ణలత కంప్యూటర్ ముందుకొచ్చి కూర్చుంది. గూగుల్ తెరిచి కూచిపూడి నగలు కావాలని టైపు చేసి, వచ్చిన వరసలో తమ సైటు ఎక్కడుందో వెతికి దాని మీద నొక్కింది. పక్క గదిలో అట్టపెట్టెల్లో తను స్వయంగా సర్దిన వడ్డాణాలనే, వంకీలనే తెర మీద మొదటిసారి చూస్తున్నదానిలా కిందికీ పైకీ జరిపి చూసింది. ఒక్కో పేజీలో మూడు నిమిషాలకి తగ్గకూడదు. ఆ మూడు నిమిషాల్లో బెండకాయలు తరుగుదామన్నా వీల్లేదు, మౌస్ కదులుతూనే ఉండాలి. తర్వాత అన్నీ మూసేసి మళ్ళీ కొత్త మనిషిలా మొదలుపెట్టాలి. రోజుకి ఇరవై సార్లు.

"టిఫిన్లు కాకముందే పది అయిపోవాలి స్వర్ణా! అన్నీ ఒకేసారి చేస్తే అనుమానం వస్తుంది," అని భర్త శ్యామ్ సుందర్ స్నానాల గదిలోంచి కేకేశాడు.

అతనిది బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల దుకాణం. నాట్యం నేర్చుకునే పిల్లల కోసం తలసామాను దగ్గర్నుంచి జడబిళ్లల దాకా సెట్లుగా అమ్మొచ్చని రెండేళ్ల కిందట, 2007లో, సైటు పెట్టించాడు. మొన్న వేసవిలో విజయవాడలో ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి, అన్నం తింటూ చెప్పాడు. "ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే కాదట. వచ్చినవాళ్లు ఎంతసేపు ఉన్నారు, ఇంకేం చూశారు, వచ్చీ రాగానే వెనక్కి పోయారా, అదంతా గూగుల్ వాళ్లు కనిపెడతారట. జనం నిలబడితే సైటు పైకొస్తుంది. నిలబడకపోతే ఐదో పేజీకి పోతుంది."

"అంతసేపు నిలబడే జనం ఎక్కణ్ణుంచి వస్తారండీ?" అంది స్వర్ణలత, చారు వడ్డిస్తూ.

"నువ్వున్నావుగా!"

అలా ఆమె జనం అయింది. పెళ్లికి ముందు గుడివాడలో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు. "బందరు నుంచి రోజూ బస్సెక్కి ఆ తిరుగుడెందుకు, ఇక్కడ నీకేం తక్కువైంది?" అని అత్తగారు ఆనందమ్మ అన్నాక ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఎవరైనా కోడలేం చేస్తుందని అడిగితే ఆనందమ్మ "ఏం చేస్తుంది, ఇంట్లోనే" అంటుంది. ఆ ఇంట్లోనే అన్న మాటలో మూడు పూటలా వంట, మావగారి షుగర్ మందులు, నగల పార్సిళ్లు, కస్టమర్ల ఈమెయిళ్లు, ఇప్పుడీ ఇరవై మందీ ఇమిడిపోయారు. మణికట్టు లాగుతోందంటే "కూర్చుని నొక్కడానిక్కూడా నొప్పేనా అమ్మాయ్?" అంది ఆనందమ్మ. నిజమే, కూర్చుని నొక్కడమే. మరి రాత్రి పడుకున్నాక కూడా వేళ్లు ఎందుకలా ఉలిక్కిపడుతున్నాయో స్వర్ణలతకే అర్థం కాలేదు.

ఒకే కంప్యూటర్ నుంచైతే తెలిసిపోతుందని శ్యామ్ సుందర్ మధ్యాహ్నాలు ఆమెను కోనేరు సెంటర్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌కి పంపడం మొదలుపెట్టాడు. చెక్క అరల మధ్య, కాలేజీ కుర్రాళ్ల పక్కన, చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని కూర్చునేది. "రోజూ అవే నగలు చూస్తారేంటి మేడమ్, కొనరా?" అని కౌంటర్లో అతను నవ్వితే తెర వైపుకి ఇంకాస్త వంగేది. రెండు వారాలకి చర్చి దగ్గర ఎవరో ఆనందమ్మ చెవిన వేశారు. ఇంటికొచ్చి ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. "నెట్ సెంటర్లో మగపిల్లల మధ్య నీకేం పనే? మా పరువేం కావాలి?" అంది. స్వర్ణలత భర్త వైపు చూసింది. చెప్తాడనుకుంది, నేనే పంపానమ్మా అని. శ్యామ్ సుందర్ చేప ముక్కలో ముల్లు తీసుకుంటూ తల ఎత్తలేదు. తర్వాత గదిలోకొచ్చి, "అమ్మకి ఇవన్నీ అర్థం కావు, వదిలెయ్. రేపు ఇంకో సెంటర్‌కి వెళ్లు," అన్నాడు.

ఇంత చేసినా ఆగస్టులో సైటు జారడం మొదలైంది. ఎనిమిదో స్థానంలో ఉన్నది రెండో పేజీకి పోయింది, అక్కణ్ణుంచి నాలుగో పేజీకి. పొద్దున లేవగానే దేవుడి వాక్యం కంటే ముందు ఆ స్థానం చూడ్డం స్వర్ణలతకి అలవాటైపోయింది. దసరా సెలవుల్లో నాట్యం ప్రోగ్రాములు, ఆర్డర్లొచ్చేది అప్పుడే. విజయవాడ సెమినార్ వాళ్లని అడిగితే ఇదీ కారణమని వాళ్లూ చెప్పలేకపోయారు. శ్యామ్ సుందర్‌కి మాత్రం తెలుసు. "నువ్వు తొందర తొందరగా మూసేస్తున్నావు. మనసు పెట్టి చెయ్యట్లేదు. రేపట్నుంచి నలభై!"

మర్నాడు మధ్యాహ్నం ఆమె నలభై మొదలుపెట్టలేదు. సైటు రిపోర్టు తెరిచి, ఎవరెవరు ఎక్కణ్ణుంచి వచ్చారో మొదటిసారి నింపాదిగా చూసింది. మచిలీపట్నం, మచిలీపట్నం, మచిలీపట్నం. మూడు నిమిషాలు, మూడు నిమిషాలు, మూడు నిమిషాలు. అదంతా తనే. కొనడానికి రానివాళ్లు, ఏమీ చదవనివాళ్లు, ఒకే ఊళ్లోంచి ఒకే వేళకి వచ్చి ఒకేలా కూర్చుని పోయే మనుషులు. తను పాఠం చెప్పే రోజుల్లో, చూపు పుస్తకం మీద పెట్టి మనసు ఇంకెక్కడో పెట్టే పిల్లల్ని గుమ్మంలోంచే పట్టేసేది. తను పట్టగలిగింది ఆ యంత్రం పట్టలేదా?

చిట్టచివర కొన్ని వరసలు వేరేగా ఉన్నాయి. పూణే, తొమ్మిది నిమిషాలు. మైసూరు, పదకొండు. సింగపూర్, ఎనిమిది, మర్నాడు మళ్లీ వచ్చారు. అందరూ ఒకటే పేజీ. అది ఆమె రాసింది. వేసవిలో పూణే నుంచి ఒకావిడ ఫోన్ చేసి, పదిరోజుల్లో కూతురి రంగప్రవేశం ఉంది, తలసామాను రాసుకుని పిల్ల నుదురంతా ఎర్రగా పొక్కిందని ఏడ్చినంత పనిచేసింది. స్వర్ణలత కూచిపూడిలో ఇరవై ఏళ్లుగా పిల్లలకి నగలు కట్టే సులోచనని అడిగింది. "నగ వెనకాల మెత్తని పాత నూలుగుడ్డ కుట్టాలండీ. చెమట లోహానికి తగలకూడదు. ముడి బిగించేటప్పుడు పిల్లని నవ్వమనండి, నవ్వితే నొప్పి పుట్టకపోతే ముడి సరిపోయినట్టు," అంది సులోచన. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో విడమర్చి రాసి, ఇంకెవరికైనా పనికొస్తుందని సైట్లో ఒక మూల పెట్టి మర్చిపోయింది.

వాళ్లెవరూ తను కాదు. వాళ్లని ఎవరూ పంపలేదు.

మర్నాటి నుంచి స్వర్ణలత ఒక్క క్లిక్కూ చెయ్యలేదు. ఆ గంటల్లో సులోచనకి ఫోన్ చేసేది, ఆవిడ చెప్పింది రాసుకునేది, జడ ఎలా బిగించాలో తన జుట్టు మీదే కట్టుకుని ఫొటోలు తీసేది. ఒక తల్లి చదివితే ఇంకేం అడుగుతుందో ఆలోచించి అది కూడా రాసేది. చేతులు ఆ పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. సాయంత్రం స్కూటర్ చప్పుడు వినపడగానే ఆ కాగితాలు సొరుగులోకి తోసేసేది.

"అయ్యాయా?"

"అయ్యాయండి."

రోజూ ఇదే ప్రశ్న, రోజూ ఇదే అబద్ధం. ఆదివారం చర్చిలో పాపాలొప్పుకునే ప్రార్థన దగ్గర నాలుక అంటుకుపోయేది. ఇది పాపమైతే ఇరవై మందిలా నటించింది ఏమిటని తనలో తనే వాదించుకునేది. సైటు ఇంకా పడిపోతే? ఆర్డర్లు రాకపోతే? మూడు వారాలు ఏ కదలికా లేదు. అప్పుడు శ్యామ్ సుందర్ రిపోర్టు తెరిచి ఉంటే అంతా అయిపోయేది. కానీ అతను స్థానం తప్ప ఏదీ చూసేవాడు కాదు.

అక్టోబరు మొదటి వారానికి ఆమె రాసిన పేజీ గూగుల్ మొదటి పేజీలోకొచ్చింది, మూడో స్థానంలోకి. ఆర్డర్లతో పాటు ఉత్తరాలొచ్చాయి. నగలు కట్టుకున్న తమ పిల్లల ఫొటోలు పంపారు కొందరు.

ఆ ఆదివారం శ్యామ్ సుందర్ పక్క దుకాణం విల్సన్‌ని భోజనానికి పిలిచాడు. కంప్యూటర్ తెరిచి చూపిస్తూ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "నా ఐడియా బావా! రోజుకి నలభై క్లిక్కులు. ఇంట్లో ఆడాళ్లు ఖాళీగానే ఉంటారుగా."

ఆనందమ్మ రొయ్యల కూర విల్సన్ ముందుకి జరుపుతూ, "మావాడి బుర్రే బుర్ర," అంది.

"అయితే రేపట్నుంచి మా సైటుకి మా ఆవిణ్ణి కూర్చోబెడతా," అన్నాడు విల్సన్. "మిషన్ కుట్టడం అయ్యాక ఏం చేస్తుంది?"

విల్సన్ భార్య స్వర్ణలతకి చర్చిలో తెలుసు. ఎప్పుడు చూసినా చూపుడువేలికి సూది గుచ్చుకున్న గుర్తులుంటాయి. స్వర్ణలత చేతిలో అన్నం గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"వద్దు అన్నయ్యగారూ. ఆవిడచేత చేయించకండి. నేను నెలన్నరగా ఒక్క క్లిక్కూ చెయ్యలేదు."

శ్యామ్ సుందర్ ముఖం ముందు తెల్లబోయి తర్వాత ఎర్రబడింది. "చెయ్యలేదా? మరి రోజూ గంటలు గంటలు దీని ముందు కూర్చుని ఏం చేశావు?"

"పని చేశానండి."

"ఏం పని?"

స్వర్ణలత వెళ్లి ఆ పేజీ తెరిచింది. తెర అతనివైపు తిప్పింది.

"ఇన్నాళ్లలో దీన్ని మీరొక్కసారైనా చదివారా? ఇప్పుడు చదవండి. మధ్యలో మూసెయ్యకుండా చివరిదాకా చదవండి. అక్కడ నా పేరుంది."