ఆయ్ అనకూడని ఆట

రత్నమాణిక్యం టీచరు నలభై ఒక్క రోజులు తల ఎత్తకుండా హాజరు వేసింది. జరిగిన తప్పు అదే. మిగతాదంతా దాని వెనకాలే వచ్చింది.

పదో తరగతి బి సెక్షన్లో యాభై రెండు పేర్లు. పొద్దున్నే రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని గబగబా చదివేసేది. పిల్లలు "ఆయ్" అనేవారు. 'ప్రెజెంట్ మేడమ్ అనవలెను' అని గోడ మీద రాయించినా లాభం లేకపోయింది. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే ఆయ్ అనకుండా ఉండలేరు. ఆయ్ వినపడితే పి, లేకపోతే ఎ. మూడు నిమిషాల్లో పని పూర్తి. ముప్ఫై ఏడో నంబరు నాగదుర్గ ఆగస్టు నుంచీ పలకడం లేదు. చేపల పనిలో పడి మానేసి ఉంటుందిలే అనుకుని టీచరు ఎ పెట్టేసేది.

అక్టోబరులో ఒక బుధవారం నాగదుర్గ తల్లి లోవమ్మ చేపల తట్ట గుమ్మం బయట దించి స్టాఫ్ రూములోకి తొంగిచూసింది.

"టీచరుగారండీ, మా అమ్మాయి పేరు పరీక్షల లిస్టులో లేదంటండి?"

"బడికి రాని పిల్ల పేరు ఎలా పంపుతామమ్మా?"

"రాకపోవడమేంటండి! రోజూ కేరేజీ నేనే కడుతున్నానండి. బళ్ళో కనపడదండి, అంతే. అశోక్ కొట్లో ఆ కంప్యూటర్ ఆట గెలిచింది కదండీ, అప్పట్నుంచీ అంతే. ఇంటికొస్తే మామూలేనండి."

రత్నమాణిక్యం ఆశ్చర్యపోలేదు, చికాకు పడింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"మీకు తెలుసనుకున్నానండి. హోంవర్కు మీరే దిద్దుతున్నారు కదండీ." లోవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈసారి పరీక్ష రాయకపోతే వాళ్ళ నాన్న రొయ్యల షెడ్డులో పెట్టేస్తానంటున్నాడండి. షెడ్డుకెళ్ళిన పిల్ల మళ్ళీ బడి మొహం చూడదండి."

ఆవిడ వెళ్ళాక టీచరు నోట్సుల దొంతర దింపి వెతికింది. నాగదుర్గ పుస్తకం దొరికింది. ప్రతి లెక్క కిందా ఎర్ర సిరా టిక్కు, తన పొట్టి సంతకం, తేదీ. వరుసగా నలభై ఒక్క తేదీలు. పేరు చూడకుండానే అన్నీ దిద్దేసింది.

హెడ్మాస్టరు వీరబ్రహ్మంగారు విని, గెడ్డం గోక్కుని, రూల్సు పుస్తకం తిరగేశారు.

"పిల్ల కనపడాలని ఎక్కడా లేదండి. పలకాలని ఉంది. పలకలేదు కదా?"

"ఎ-లు పి-లు చేసేస్తే?"

"రిజిస్టరు దిద్దినట్టవుతుంది, మీకు మెమో వస్తుంది. అదీగాక ఆ పిల్ల నా ఎదురుగా లిస్టులో సంతకం పెట్టాలి. శనివారం నాలుగింటి బస్సుకి మన ప్యూను చిట్టియ్య లిస్టు పట్టుకెళ్ళిపోతాడు. ఆ తర్వాత దేవుడొచ్చినా ఎక్కించలేం."

గురువారం హాజరులో ముప్ఫై ఏడు దగ్గర టీచరు ఆగింది. "నాగదుర్గా!"

జవాబు లేదు. ఎ పెట్టకుండా ఆ గడి వదిలేసింది. ముందు బెంచీలోంచి వెంకటదుర్గ లేచింది. "గారు తగిలించండి టీచర్, పలుకుతారు ఆవిడ. కిలో ఎంతో కూడా చెబుతారు." క్లాసంతా ఘొల్లుమంది.

ఆ సాయంత్రం బడి వదలగానే టీచరు అశోక్ కొట్టుకి వెళ్ళింది. అతనిది జిరాక్సు, టైపింగు, ఆరు కంప్యూటర్లు. యానాం వెళ్ళినవాళ్ళంతా చవక మందు సీసాలు తెచ్చుకుంటే, అశోక్ ఒకసారి అట్ట లేని సీడీ తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది అచ్చంగా తమ బడే. యానాం సరుకు అలాగే ఉంటుందని ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు.

"రండి టీచరుగారండీ! టైపింగాండీ?"

"ఆట."

అతను కుర్చీ తుడిచి, మైకున్న హెడ్‌ఫోను చేతికిచ్చాడు. "పేరు కొట్టండి. నక్కుతూ గేటు దాకా చేరాలండి. వెతికేవాళ్ళకి చూపు ఆనదు, చెవులే. ఒకటే రూలు, పిలిస్తే పలక్కూడదు. ఆ పిల్ల తప్ప ఎవరూ గెలవలేదండి. నేనూ, ప్రెసిడెంటుగారూ, అందరం ఆయ్ అనేశాం."

టీచరు 'నాగదుర్గ' అని కొట్టింది.

తెర మీద మసక చీకట్లో బడి వరండా. బళ్ళో ఎప్పుడూ కారే మూడో కుళాయి ఇక్కడా కారుతూనే ఉంది. మొహాల్లేని ముగ్గురు ఆడపిల్లలు, ఎర్ర రిబ్బన్లతో, గది గదీ వెతుకుతున్నారు. టీచరు బెంచీ కింద దూరింది.

"నాగదుర్గ గారండీ! పులస చేప తెచ్చారాండీ?" హెడ్‌ఫోనులో గొంతు చెవి పక్కనే అన్నట్టుంది. "పలకండి గారూ, కిలో ఎంతండీ?"

ఆమె పెదవి కొరుక్కుంది. కాళ్ళు దాటిపోయాక, కుళాయి చుక్క పడినప్పుడల్లా ఒక్కో అడుగు వేసుకుంటూ, సైన్సు ల్యాబు బీరువాలోకి చేరింది. తలుపు సందులోంచి, కిటికీ అవతల గేటు కనిపిస్తోంది. ఇరవై అడుగులు.

అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడు మొదలైంది. ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ. రిబ్బన్ల పిల్లలు కూడా గోడకి నక్కారు. ఆ ఈడ్పు ఆమెకి తెలుసు. మోకాలు నొప్పి మొదలైనప్పటినుంచీ తన ఎడమ చెప్పు చేసే చప్పుడది.

"నాగదుర్గ గారండీ! తమరు లెక్క చేశారాండీ, లేక చేపలు తోముతూ మర్చిపోయారాండీ?"

తన గొంతే. ఆగస్టులో ఒకరోజు అన్న మాటే. క్లాసంతా నవ్వితే, జోకు పేలిందని తనూ కాస్త మురిసింది. ఆ 'గారు' మర్నాటికి పిల్లల నోళ్ళలోకి ఎక్కింది.

చెప్పులు బీరువా ముందు ఆగాయి. ఊపిరి బిగబట్టింది. 

"నాగదుర్గ గారండీ..." ఈసారి మెత్తగా, ఎంతో మర్యాదగా.

"ఆయ్," అంది రత్నమాణిక్యం.

బీరువా తలుపు తెరుచుకుంది. తెర నల్లబడి అక్షరాలు వచ్చాయి: దొరికారండీ.

అశోక్ నేలచూపులు చూశాడు. "అందరం ఆ చెప్పులావిడ దగ్గరే దొరికిపోతామండి. ఎవరో తెలుసండి. మీకు చెబితే బాగోదని ఊరుకున్నాం."

శుక్రవారం ముప్ఫై ఏడు దగ్గర టీచరు పెన్ను కింద పెట్టి లేచింది. ఐదో బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఒకరు పట్టేంత ఖాళీ. ఆగస్టు నుంచీ ఎవరూ జరిగి కూచోలేదు. దాని పక్కన నిలబడింది.

"నాగదుర్గా, ఆ గారు తగిలించింది నేను. తప్పు నాది. ఇక ఈ గదిలో ఎవరూ ఆ మాట అనరు. నువ్వు పలకనక్కర్లేదు."

"గాలితో మాట్లాడుతున్నారేంటి టీచర్?" అంది వెంకటదుర్గ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"గాలి కాదు. నువ్వు నోరు మూస్తే నీకూ వినపడుతుంది."

గది నిశ్శబ్దమైంది. ఖాళీలోంచి ఊపిరి వినిపించింది. బీరువాలో దాక్కున్నవాళ్ళు తీసే ఊపిరి, చిన్నచిన్న ముక్కలుగా. టీచరు పి వేసింది. మధ్యాహ్నం కూచుని నలభై ఒక్క ఎ-లనీ ఎర్రసిరాతో కొట్టేసి, పి వేసి, ప్రతిదాని పక్కనా సంతకం పెట్టింది.

"మెమో ఖాయం మాణిక్యంగారూ," అన్నారు హెడ్మాస్టరు.

"రానివ్వండి."

శనివారం మూడున్నర. లిస్టు బల్ల మీద ఉంది. ముప్ఫై ఏడు ఎదురుగా సంతకం గడి ఖాళీ. చిట్టియ్య సంచీ భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు. వరండాలో లోవమ్మ గోడకి ఆనుకుని ఉంది.

"పిలవండి మరి," అన్నారు వీరబ్రహ్మంగారు.

"పిలవనండి. పిలిచి పిలిచే ఇంతదాకా తెచ్చాం." ఆమె గడి పక్కన పెన్ను పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. గడియారంలో ముల్లు పావు తక్కువ నాలుగు మీదికి వచ్చింది. చిట్టియ్య ఒకసారి దగ్గాడు.

"టీచరుగారండీ..."

"ఆయ్," అంది రత్నమాణిక్యం, అలవాటు కొద్దీ, వెనక్కి తిరుగుతూ.

"ఈ పెన్ను రాయట్లేదండి."

నీలం లంగా మీద సిరా మరక, ముంజేతి మీద ఒక చేప పొలుసు, పెన్ను విదిలిస్తూ పిల్ల. టీచరు తన చేతి సంచీలోని ఎర్ర పెన్ను ఇచ్చింది. ఎర్రసిరా పనికిరాదని గొణుగుతూ హెడ్మాస్టరు తన నీలం పెన్ను ముందుకి తోశారు. చిట్టియ్య బస్సు అందుకున్నాడు. మార్చిలో నాగదుర్గ పరీక్ష రాసింది.

మెమో వచ్చింది. టీచరు చదివి, మడిచి, రిజిస్టరులోనే పెట్టుకుంది. ఆ తర్వాత పదమూడేళ్ళ సర్వీసులో ఏ పిల్లనీ వెటకారానికి గారు అనలేదు. మిగతా టీచర్ల హాజరు మూడు నిమిషాల్లో అయితే ఆమెది పన్నెండు నిమిషాలు పట్టేది. పలకని పేరు దగ్గర పెన్ను కింద పెట్టేది, చెప్పు ఈడ్చకుండా నడిచి ఆ బెంచీ పక్కన నిలబడేది. ఊపిరి వినపడకపోతేనే ఎ వేసేది.