ఇసే అన్న నోళ్లు

ఇలోదిగ్వే ఇల్లూ చేనూ ఉన్న చోట ఇప్పుడు 'పూర్వీకుల వాడ' అని ఒక కాలనీ లేచింది. ఔకా ఊరి బయట, ఎర్రమట్టి రోడ్డు కొసన. ప్రతి ఇంటి ముందూ ఇగ్బో పెద్దలు కూర్చునే ఓబి చావడి. చెక్కిన తలుపులు. గోడల మీద ఒకప్పుడు ఆడవాళ్లు వేలితో దిద్దిన గీతలు, ఇప్పుడు పెయింటుతో. అన్నీ ఉన్నాయి, సమాధులే లేవు. పెరట్లో చచ్చినవాళ్లుంటే ఇల్లు ఎవరూ కొనరట.

భూమి అమ్మింది దాయాదులు. అతను వద్దన్నాడు. ఎవడూ వినలేదు. భార్య న్వాన్యాఫోర్‌ని పాతిపెట్టిన చోట ఎవరిదో ఇల్లు కట్టారు.

కాలనీ మేనేజరు కెనెచి అతని అద్దెగది వెతుక్కుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, మా దగ్గర తెల్లారగట్ల ఎవరో వాకిలి ఊడుస్తున్నారు. చీపురు చప్పుడు వినిపిస్తుంది, మనిషి కనిపించదు."

"పనిమనిషి ఖర్చు తప్పింది గదా. ఏడుపెందుకు?"

"ఎగతాళి చెయ్యకు. జనం ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. అది నీ భార్యేనంటున్నారు. నువ్వొచ్చి పెద్దల పేర కోలాకాయ విరిచి, కల్లు ధారపోసి, ఆవిణ్ణి పడుకోమను."

"మీ వాడలో తల నెరిసినవాడు ఒక్కడూ లేడా?"

"ఉన్నారు. లాగోస్‌లో పుట్టి పెరిగారు, ఇంగ్లీషే వచ్చు. కోలాకి ఇంగ్లీషు తెలీదంటారు గదా."

ఇలోదిగ్వే నవ్వలేదు. వస్తానన్నాడు.

ముందు తన చెవులతో వినాలనుకున్నాడు. చీకటి విడుతుండగా, భార్యను పాతిన చోట లేచిన ఇంటి ఓబిలో కూర్చున్నాడు. అందులో ఉండేది ఒలన్మా అనే పంతులమ్మ. అమ్మమ్మ దగ్గర పల్లెలో పెరిగిన పిల్ల. చీపురు మొదలైంది. రెండు పొట్టి వేట్లు, ఒక పొడుగు వేటు. ఆ చెయ్యి అతనికి తెలుసు.

"మధ్యలో ఆగుతుంది తాతా, వినండి," అంది ఒలన్మా. "ఆయాసం."

విన్నాడు. న్వాన్యాఫోర్ పోయే ముందు పడిన ఆయాసమే అది.

"నాకు భయం లేదు. జాలేస్తుంది. పడుకోమని చెప్పండి."

"నీకేం తెలుసమ్మాయ్. అది ఊడుస్తోందంటే ఈ ఇల్లు తనదని చెబుతోంది."

ఆదివారం వాడంతా పెద్ద ఓబిలో చేరింది. పెద్దరికానికి పెట్టుకునే ఎర్ర టోపీలు కొత్తగా మెరుస్తున్నాయి. చేతుల్లో ఫోన్లు. ఇలోదిగ్వే కోలాకాయ పైకెత్తాడు. పెద్దవాడు ఒక్కో మాట పలుకుతాడు, కూర్చున్నవాళ్లు 'ఇసే' అంటారు. అలాగే కావాలని. అందరూ అన్నాకే ఆ మాట నిలబడుతుంది.

"ఈ నేల చల్లగా ఉండాలి."

"ఇసే."

"గింజ మొలవాలి, బిడ్డ పుట్టాలి."

"ఇసే."

గొంతు మార్చలేదు, కన్ను ఎత్తలేదు.

"న్వాన్యాఫోర్, ఈ వాకిళ్లన్నీ నీవి. ఊడ్చు. ఈ గోడలు నేలకూలేదాకా చీపురు కింద పెట్టకు."

"ఇసే," అంది వాడంతా, ఆ మాటలు అర్థం కాకపోయినా. అందరికంటే గట్టిగా, ఫోను మీంచి కన్నెత్తకుండా కెనెచి.

ఒలన్మా ఒక్కతే నోరు మూసుకుంది. కల్లు గుటకలు వేస్తున్నవాళ్లను దాటి వచ్చి, అతని చెవి దగ్గర అంది. "వాళ్లని శపించాననుకుంటున్నారా? చాకిరీ పడింది ఆవిడ మీద."

"ఆడదానివి. కోలా సంగతి నీకెందుకు?"

"సరే తాతా. మీ పెళ్లాం, మీ ఇష్టం."

మర్నాటి నుంచి ఒక్క ఇంటి ముందు కాదు, అన్ని ఇళ్ల ముందూ చీపురు. పొద్దెక్కినా ఆగలేదు. ఎడారి మీంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ము మోసుకొచ్చింది. ఊడ్చినచోటే మళ్లీ మట్టి. జనం సామాన్లు కట్టారు. ఒలన్మా కూడా వెళ్లిపోయింది, అతనికి చెప్పకుండానే.

ఖాళీ వాడలోకి ఇలోదిగ్వే గెలిచినవాడిలా నడిచాడు. తన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎంతోసేపు కూర్చోలేకపోయాడు. వేటు వేటుకీ మధ్య ఆ ఊపిరి, చిరిగిన సంచిలోంచి గాలి పోయినట్టు. గోడలు చూశాడు. కాంక్రీటు. తను పోయాక కూడా ఉంటాయి.

గేటుకి తాళం వేస్తున్న కెనెచిని కేకేశాడు.

"రారా. నేనొక మాట చెబుతా, నువ్వు ఇసే అను."

"ఒకసారి అన్నాను పెద్దాయనా. బతుకుతెరువు పోయింది. ఇక నీ కోలా నేను ముట్టను." తాళంచెవి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇసే అనమని దాయాదుల గడపలకు అతను వెళ్లడు. వెళ్లినా వాళ్లు రారు. ఒక్కడే కాయ విరిచాడు. మట్టిలో కల్లు పోశాడు.

"చాలు న్వాన్యాఫోర్. చీపురు పెట్టేసి పడుకో."

ఎవరూ పలకలేదు. మాట చెప్పినవాడే ఇసే అనుకుంటే చెల్లదు. పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఇసే," అన్నాడు ఇలోదిగ్వే.

బయట చీపురు ఆగింది. ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టింది.