చెక్కినవాడి తప్పు

సొన్సోన్ ఊళ్ళో చర్చి వెనక గోడలో ఎరేదియా వంశం వాళ్ళ ఎముకల గూడు ఉంది. దాని రాతిపలక మీద "అన రీటా" అనే పేరు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు ఉంటుంది. తేదీలు లేవు. చెక్కినవాడు తాగి ఉన్నాడని మా ఆవిడ నొహేలియా పుట్టింట్లో ఎప్పటినుంచో నవ్వుకుంటారు.

నొహేలియా పోయి నాలుగేళ్ళయింది. మెడెలిన్ శ్మశానంలో ఆమెకి అద్దెకి తీసుకున్న గూడు గడువు ఆ నెలాఖరుకి తీరిపోతుంది. ఈలోగా ఎముకలు మరోచోటికి చేర్చకపోతే అందరివాటితో కలిపి ఉమ్మడి గుంతలో వేస్తారు. "నన్ను అమ్మమ్మ దగ్గర పెట్టు" అని చివరి వారంలో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరేనన్నాను.

పెట్టాలంటే ఆమె ఎరేదియా వాళ్ళ మనిషేనని జ్ఞానస్నాన పత్రాలతో రుజువు చెయ్యాలి. ఆమెదీ, వాళ్ళమ్మదీ దొరికాయి. అమ్మమ్మ అన రీటాది మిగిలింది. ఆమె ఏ సంవత్సరంలో పుట్టిందని మా మరదలు ఓబ్దూలియాని అడిగాను.

"ఎప్పుడడిగినా అరవై అనేది బావా. నా పెళ్ళికీ అరవయ్యే, నా పిల్లల పెళ్ళిళ్ళకీ అరవయ్యే."

పాత చర్చి పుస్తకాల ఫొటోలన్నీ ఉచితంగా చూపించే వెబ్‌సైట్ ఒకటుంది. అందులో పేరు కొట్టి వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది. అన రీటా ఎరేదియా, 1902, తల్లిదండ్రుల పేర్లు మా అత్తగారి పత్రంలో అమ్మమ్మా తాతయ్యలుగా ఉన్నవే. ఇంత తేలికా అనుకుంటూ ఆ కాగితం పట్టుకుని సొన్సోన్‌కి నాలుగు గంటలు బస్సులో కూర్చున్నాను.

చర్చి ఆఫీసులో పత్రాలు చూసే దోన్యా ఫాబియోలాకి భూగోళం మాస్టారుగా రిటైరైనవాణ్ణని పరిచయం చేసుకున్నాను. ఆవిడ తన కంప్యూటర్‌లోనూ వెతికి, తెర నా వైపు తిప్పింది.

"మాస్టారూ, ఈ పాప రెండేళ్ళకే పోయింది. ఇదిగో, 1904, ఖననాల పుస్తకం."

"పోవడమేమిటండీ? ఆవిడకి ఆరుగురు పిల్లలు!"

"రెండేళ్ళ పాపకా? మీరు బళ్ళో చెప్పింది భూగోళమా, కట్టుకథలా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ కఠినురాలేం కాదు. బస్సులో తినమని జున్ను పెట్టిన మొక్కజొన్న రొట్టె, అరేపా ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. దారిలో అది ఇంకా వెచ్చగానే ఉంది.

ఇంటికొచ్చి జనం ఇంటర్నెట్‌లో పెట్టుకున్న వంశవృక్షాలు చూశాను. పద్నాలుగింటిలో అన రీటా రెండేళ్ళకే పోయింది. పద్నాలుగు మంది ఒకే మాట చెబితే నిజమేననిపిస్తుంది. ఒకడి పరీక్ష పేపరు చూసి మిగతా పదమూడు మంది రాసేస్తారని నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు తట్టొద్దూ!

వంశవృక్షాల వాళ్ళ గుంపొకటి ఫేస్‌బుక్‌లో ఉంటే అక్కడ నా గోడు రాసుకున్నాను. పది నిమిషాల్లో మనిసాలెస్ ఊరి నుంచి మిర్తా అనే ఆవిడ జవాబిచ్చింది. ఈనాటికీ ఆవిడ ముఖం నేను చూడలేదు.

"పెద్దాయనా, సెర్చ్‌ని నమ్ముకోకండి. సగం పుస్తకాల పేర్లు అందులోకి ఎక్కనే లేదు. ఫొటోలు తెరిచి పేజీ పేజీ తిప్పండి. పాప పోయిన నెల నుంచి మొదలుపెట్టండి. పోయిన బిడ్డ పేరు తరువాత పుట్టిన బిడ్డకి పెట్టేవాళ్ళు కదా మనవాళ్ళు! అంచుల్లో రాసినవి మాత్రం వదలకండి, తరువాత జరిగిన పెళ్ళిళ్ళు అక్కడే రాసేవాళ్ళు."

నాకు తెలియని ఆచారమా! మా బాబాయి పేరు అలా వచ్చిందే. అయినా తట్టలేదు.

రోజూ పొద్దున్నే పొయ్యి మీద చిక్కుడు గింజలు పెట్టి, అవి ఉడికేదాకా పేజీలు తిప్పేవాణ్ణి. ఆ పుస్తకాలు రాసిన ఫాదరు చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది. పదకొండో రోజు పొద్దున 1906 జూన్ తగిలింది. అన రీటా. అదే తండ్రి, అదే తల్లి. అంచున వేరే సిరాతో, 1927లో పెద్రో లూయిస్ గవీరియాతో వివాహం. నొహేలియా వాళ్ళ తాతయ్యే.

గింజలు మాడిపోయాయి. ఓబ్దూలియాకి ఫోన్ చేశాను.

"అయితే అమ్మమ్మకి పేరు కూడా వాళ్ళక్కదేనా! నాకు నొహేలియా గౌన్లొచ్చినట్టు" అని పకపకా నవ్వింది. తరువాత ఆ గౌన్ల రంగులన్నీ వరసగా చెబుతూ పోయింది. నేనూ ఫోన్ పెట్టెయ్యలేదు.

ఈసారి దోన్యా ఫాబియోలా కళ్ళజోడు తుడుచుకుని అంచున ఉన్నదాన్ని మూడుసార్లు చదివింది. ముద్ర వేసింది.

"కూర్చోండి మాస్టారూ, కాఫీ తాగి వెళ్ళండి. మీవి కట్టుకథలు కావులెండి."

నెలాఖరుకి మూడు రోజులుందనగా నొహేలియాని సొన్సోన్ తెచ్చాం. చెక్కేవాడు పలక మీద చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"ఒకే పేరు రెండుసార్లు పడిందండీ. ఎలాగూ ఉలి తెచ్చాను, ఒకటి చెరిపెయ్యనా?"

నేను నోరు తెరిచేలోపే ఓబ్దూలియా అడ్డం వచ్చింది.

"ముట్టుకుంటే ఊరుకోను! ఒకరు మా అమ్మమ్మ. ఇంకొకరు వాళ్ళక్క. చెక్కినాయన చుక్క కూడా తాగలేదు, తెలుసా? ఇన్నేళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నాం."

"సరేనమ్మా. మరి కొత్త పేరు?"

"వాళ్ళ కింద. నొహేలియా" అన్నాను.

"ఒక్కసారే" అంది ఓబ్దూలియా.